మునగని నీళ్లలో మునిగినవాడు

"కొడుతరు జంగమ్మా. పాలమూరు దాకా గూడ ఆగరు. బస్సులనే కొడుతరు వాణ్ని."

"నడువు వదినా. పదిన్నర బస్సుకు గద తీస్కపోయేది. ఇప్పుడు ఎనిమిదే అయింది."

"నిన్న పగటి నుంచి వాని కడుపుల మెతుకు లేదు. దెబ్బలకు తాళక ఔనంటడు. ఔనంటే ఇగ ఉరే."

"నీ నోట్ల మంచి మాట ఒక్కటి రాదు గదా" అని జంగమ్మ నా చెయ్యి పట్టి వాగు గట్టు దింపింది. మట్టి కలిపే ఆడవాళ్లలో జంగమ్మ పెద్దది. నాకు వరసకు మరదలు.

నిన్న శుభ శుక్రవారం. వాగులో మట్టిగోడ కోసం తవ్విన కందకం ఒక పక్క ఒడ్డు కూలింది. మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు అందులోంచి తవ్వేవాళ్లలో ఒకడైన ఐలేశం శవాన్ని బయటికి తీశారు. నాలుగింటికి నా కొడుకు ఇస్రాయేలు చేతులకు బేడీలు పడ్డాయి. ఆ నాలుగింటి నుంచి వాడు నోరు విప్పలేదు. పోలీసులతో సరే, నాతో కూడా. గురువారం ఐలేశంతో దేనికి కొట్లాడాడో కూడా చెప్పలేదు.

మా వాగు పైకి ఎండినా అడుగున ఇసుకలో నీళ్లు నడుస్తూనే ఉంటాయి. ఆ నడిచే నీటికి అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, కింద రాయి తగిలేదాకా, భూమిలోనే ఒక గోడ దించాలని సర్కారు పని మొదలుపెట్టింది. ఉత్త ఇసుకలో ముప్పై అడుగులు తవ్వితే ఒడ్డు ఒక్క గడియ నిలవదు. అందుకని తవ్వుతున్నంతసేపూ కందకం నిండా చిక్కటి మట్టినీళ్లు ఉంచుతారు. రేగడి బంకమట్టిని రోజంతా నానబెట్టి, కాళ్లతో తొక్కి, జావలా కలిపిన నీళ్లు. ఆ నీళ్ల బరువే రెండు ఒడ్డులనూ లోపలి నుంచి నెట్టి పట్టుకుంటుంది. తొట్టి దించి అడుగు ఇసుక తీసేకొద్దీ పై నుంచి మట్టినీళ్లు వదులుతూ ఉండాలి. అవి పలచబడ్డాయో, ఒడ్డు కూలుతుంది. గోడ నిలిపే నీళ్లు ఊరే బావులు ఎగువన పాతిక ముప్పై ఉన్నాయి. దిగువన మా వాడ బావి ఒక్కటే.

మట్టి కలిపేవాళ్లంతా మా వాడ క్రైస్తవులే. వాళ్ల మీద పెద్ద నా కొడుకు. వాడు ప్రార్థనకు పోయే తొందరలో మట్టి పలచగా కలిపాడు, దానితో ఒడ్డు కూలి ఒక ప్రాణం పోయింది అని ఎస్సై అమరేందర్ రాసుకున్నాడు. రాసుకున్నవాడు నాకు కొత్త కాదు. పోయిన ఏడు మా మిషన్ దవాఖానలో మందుసీసాలు పోతుంటే అతను ఊడ్చే మనిషిని పట్టుకుపోయి వారం రోజులు కూర్చోబెట్టాడు. ఆ దవాఖానలో నేను ఆయాను. అసలు దొంగను సీసాలతో సహా అతని బల్ల ముందు నిలబెట్టింది నేను. అప్పటి నుంచి నేను ఎదురుపడితే అతని ముఖం మాడిపోతుంది.

ఇంజను రేకుల కొట్టం కింద మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు అమరేందర్. పక్కన జవాను. కొట్టం గుంజకు బేడీతో కట్టేసి నా కొడుకు. వాడి పెదవులు ఎండి తెల్లగా పొలుసులు లేచాయి. కొట్టం అవతలి అంచున ఐలేశం భార్య యాదలక్ష్మి మోకాళ్లలో తల పెట్టుకుని ఉంది.

"వచ్చినవా లీలమ్మా" అన్నాడు అమరేందర్. "దవాఖాన పని ఇడిసిపెట్టి నా పని మీద పడ్డవా మల్ల?"

"మీ పని మీరు చేస్తే నేనెందుకు పడుత సారూ. మట్టి పలచగున్నదని ఎవలు చూసిండ్రు?"

"ఒడ్డు కూలింది. అదే చెప్తలేదా?"

"నిన్న పొద్దుగాల ఏడు గంటలకు గుడ్డు తేలింది" అంది జంగమ్మ. "నా చేత్తోని నేనే ఏసిన."

చిక్కదనం చూసే ఇంజనీరుగారి గాజు కొలగొట్టం పగిలిన రోజు నుంచి మా ఆడవాళ్లు కోడిగుడ్డుతోనే చూస్తున్నారు. పచ్చిగుడ్డు మట్టినీళ్లలో వేస్తే రూపాయి బిళ్లంత పెంకు పైకి కనపడాలి. కనపడకపోతే ఇంకా మట్టి తొక్కాలి.

జవాను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అమరేందర్ నవ్వలేదు. "గుడ్డును బోనుల నిలబెడుదమా జంగమ్మా? బయాన్ ఇస్తదా?"

"నా కొడుకు పన్నెండు గంటల నుంచి మూడు దాకా గుడిలనే ఉన్నడు సారూ" అన్నాను. "ఏడు మాటలకూ ఉన్నడు."

శుభ శుక్రవారం మా గుడిలో సిలువ మీది ఏడు మాటల మీద వరసగా ప్రసంగాలు ఉంటాయి. ఒక్కో మాటకు ఇంచుమించు ఇరవై అయిదు నిమిషాలు. మగవాళ్లది కుడి పక్క, మాది ఎడమ పక్క. ఆ మూడు గంటలూ తల తిప్పి పక్కకు చూడం.

"నువ్వు చూసినవా?"

"వాడు నా కొడుకు."

"గది అడుగలే. చూసినవా?"

అతను గడియారం చూసుకున్నాడు. "ఎనిమిదిన్నర. వాగు సర్కారుది, ఇసుక సర్కారుది. పదింటి దాకా ఎంత తవ్వుకుంటవో తవ్వుకో. ఆ తర్వాత నా కండ్ల ముందర కనవడొద్దు."

నిన్న పన్నెండు నుంచి మూడు దాకా ఇక్కడ పని లేదు. మట్టి కలిపేవాళ్లు లేనిదే తవ్వకూడదు కనుక తవ్వేవాళ్లకూ సెలవు ఇచ్చారు. కావలికి ఒక్కణ్ని ఉంచారు. ఆ ఒక్కడు భిక్షం. ఎస్సై కాగితంలో భిక్షం మాట ఉంది: పన్నెండు దాకా ఉన్నాను, ఐలేశం వస్తే అప్పజెప్పి అన్నానికి పోయాను, మట్టినీళ్ల సంగతి నాకు తెలియదు.

భిక్షం తొట్టి మోకు చుట్ట మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కూసో" అన్నాను. "పన్నెండింటికే పోయినవా నిన్న?"

"పన్నెండే లీలక్కా."

"గంట ఇన్నవా?"

"ఇన్న."

"ఏ గంట?"

"మీ గుడి గంటనే."

"శుభ శుక్రవారం మా గుడిల గంట కొట్టరు భిక్షం. మూడు దినాలు తాడు ముడేసి పైన పెడుతరు."

వాడి చుట్ట నోట్లోనే ఆగిపోయింది. నాకు కోపం నెత్తికెక్కింది. వీడి ఒక్క అబద్ధం కింద నా కొడుకు మెడ ఉంది.

"ఎప్పుడు పోయినవ్?"

"కల్లు జర ఎక్కువైంది అక్కా. సూపర్‌వైజర్‌కు ఎరుకైతే పనిల నుంచి తీస్తడు."

"తీస్తడా? తియ్యకుంటే నేనే పోయి చెప్త. ఎప్పుడు పోయినవ్?"

"పదిన్నరకు." వాడు ఇసుకలోకి చూశాడు. "పది దాటినంక గట్టు మీద నడుస్తుంటె కాలు జారి అండ్ల పడ్డ."

"కందకంల?"

"ఆఁ. పడితే ఏమైతది. సంక దాకా మునిగి బుంగలెక్క నిలబడ్డ. కిందికి పోదామన్నా పోనియ్యదు. మీ మట్టోళ్లు రేగడి తెస్తందుకు పోయిండ్రు గని, తవ్వెటోళ్లందరు నవ్విండ్రు. ధోతి ఊడి అండ్లనే పోయింది. ఐలేశం మోకు ఇసిరి గుంజి, గీ ముఖంతోని ఏం కావలి కాస్తవ్, ఇంటికి పోయి పండుకో, నేనుంట అన్నడు. గంతే. నేను పండుకున్న. లేచేవరకు వాడు సచ్చిండు."

చుట్ట పారేసి ముఖం తుడుచుకున్నాడు. "నా జాగల వాడు ఉన్నడు గద అక్కా. గది చెప్పుడు ఎట్ల?"

నేను వాడి మీద జాలి పడే స్థితిలో లేను. పది దాటాక కూడా మట్టినీళ్లు మనిషిని సంక దాకా పట్టి నిలబెట్టాయి. మూడు దాటాక అదే కందకం అడుగు నుంచి మనిషిని తీశారు. గుడ్డు మాట కోర్టులో చెల్లదేమో, భిక్షం ఒళ్లు చెల్లుతుంది. నా కొడుకు పొద్దున కలిపిన మట్టి సరిగ్గానే ఉంది.

"లెవ్వు. నాతోని రా" అన్నాను.

తవ్వుతున్న ముక్క అయిదారు బారల పొడవు ఉంటుంది, అంతే. మిగతా గోడ అప్పటికే పూడ్చేశారు. కూలింది దిగువ ఒడ్డు. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. ఇంకో రెండడుగులు తెగి పడుతుందేమో, నాతో పాటు జంగమ్మ కూడా పోతుందేమో అని ముందు అదే తోచింది. ఆమెను దూరంగా నిలబడమన్నాను.

ఒడ్డు అంచున ఇసుక మీద ఎండిన మట్టి పెచ్చు పరుచుకుని ఉంది. అరచేతి మందం. ఒక పెంకు ఊడదీసి వేళ్లతో నలిపాను. ఇసుక రేణువు లేదు. ఒలికిన మట్టి కాదిది. కందకం నిండి, అంచు దాటి, మెల్లగా పారి పరుచుకున్నది. ఆ పెచ్చు ఒడ్డు తెగిన చోట కత్తితో కోసినట్టు ఆగిపోయింది. సగం ఇక్కడ, సగం కూలిన ఒడ్డుతో లోపల.

"ముందుగాల పొంగింది. ఆనక ఒడ్డు తెగింది" అన్నాను.

"పనే లేదు గద వదినా. మట్టినీళ్లు ఎవలు ఇడిసిండ్రు, పొంగుతందుకు?"

"మట్టినీళ్లు కాదు. చిక్కటిది పైకి పోయింది. అంటే అడుగు నుంచి వేరేది ఏదో వచ్చింది."

గట్టు మీద నీళ్ల హౌజు ఉంది. ఇంజను పెట్టి నీళ్లు దాంట్లోకి ఎక్కిస్తారు. హౌజు తూము నుంచి రబ్బరు గొట్టం పక్కనే ఉన్న మట్టిగుంతలోకి పోవాలి. ఇప్పుడు గుంతలో గొట్టం లేదు. తూము దగ్గర మొదలై, ఇసుక మీద పాములా పోయి, కూలిన ఒడ్డు కింద మాయమైంది.

"ఒడ్డు కూలినప్పుడు గుంజుకపోయింది గది" అన్నాడు వెనక నుంచి జవాను. మా వెంటే వచ్చాడు.

"గుంజు భిక్షం" అన్నాను.

ముగ్గురం పట్టి గుంజాం. చేతులు కాలాయి. ఇసుక కదిలి, గొట్టం మూర మూరగా పైకి వచ్చింది. చివర కొబ్బరికాయంత రాయి సుతిలి తాడుతో రెండు చుట్లు బిగించి ఉంది. అడుగుకు పోవాలని కట్టిన రాయి. ఒడ్డు కూలితే గొట్టానికి రాయి కట్టుకోదు.

హౌజులోకి తొంగి చూశాను. నాలుగు జానల లోతు హౌజులో జానెడు నీళ్లు మిగిలాయి.

"పన్నెండింటికి నిండుగ ఉండె" అంది జంగమ్మ. "నేనే ఇంజను బందు చేయించి గుడికి వచ్చిన. అప్పటి నుంచి ఎవలు నడుపలే."

తూము మీద చెయ్యి వేశాను. బిగించి ఉంది. "దీన్ని ఎవరైనా ముట్టిండ్రా, నిన్నటి నుంచి?"

"ఎవలు ముట్టలే" అన్నాడు జవాను. "సార్ ఏదీ ముట్టనియ్యలే."

అంటే నీళ్లు వదిలినవాడు వదిలేసి పారిపోలేదు. అంతా అయ్యేదాకా ఇక్కడే నిలబడి, జానెడు మిగిలి ఉండగా తూము కట్టి పోయాడు. వెంటనే కోపం వచ్చింది. ఆ కోపం నాకు హాయిగా ఉంది కూడా. నిన్నటి నుంచి భయపడుతూనే ఉన్నాను. కోప్పడటానికి ఇప్పుడు ఒక మనిషి దొరికాడు, పేరు తెలియకపోయినా.

కందకం ఎగువ గట్టున పోలీసులు గీసిన సున్నం గీత లోపల ఐలేశం చెప్పులు ఉన్నాయి. పక్క పక్కన పెట్టినవి, వాటి మీద మడిచిన రుమాలు.

నేను కొట్టం దగ్గరికి తిరిగి వచ్చి యాదలక్ష్మి ముందు కూర్చున్నాను. ఆమె నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

"చెల్లే, ఒక్క మాట. నీ పెనిమిటికి ఈత వస్తదా?"

అటు తిరిగే అంది. "బాయిల మోకాటి లోతుకు గూడ దిగడు. నీళ్లంటే బయం. నవ్వుతుంటిమి."

"గీ కందకంల దిగుతడా?"

"గండ్ల ఎందుకు దిగడు? మోకు చిక్కుకున్నప్పుడల్ల దిగేది వాడే. మట్టి ఎత్తుకుంటది, ఏంగాదు అనేటోడు."

నేను లేచాను. ఎస్సై చేతి గడియారంలో తొమ్మిది నలభై.

"సారూ" అన్నాను. "మీరు రాసింది చింపుండ్రి."

అమరేందర్ కాలు మీద కాలు తీయలేదు. "చెప్పు. ఇంటున్న."

చెప్పాను. గొంతు తగ్గించలేదు. ఏడింటికి గుడ్డు తేలింది, పది దాటాక భిక్షం తేలాడు. పన్నెండు తర్వాత ఎవడో రాయి కట్టి గొట్టాన్ని అడుగుకు దించి నీళ్లు వదిలాడు. చిక్కటిది పొంగి బయటికి పోయింది, కందకంలో మిగిలింది ఉత్త నీళ్లే. కావలి ఉన్న ఐలేశం చూశాడు. చెప్పులు విడిచి, రుమాలు మడిచి, గొట్టం గుంజుదామని దిగాడు. నీళ్లంటే భయపడే మనిషి భయం లేకుండా ఎందుకు దిగాడు? అవి మట్టినీళ్లని, ఎప్పటిలాగే తనను ఎత్తి పట్టుకుంటాయని. అడుగుకు పోయాడు. ఆ మీద ఒడ్డు పడింది.

"గొట్టం పెట్టినోడు ఈడనే ఉన్నడు సారూ. తూము కట్టి ఉన్నది, మీ జవానునే అడుగుండ్రి. వాడు దిగుతుంటె చూసుకుంట నిలబడ్డడు. నోరు తెరిసి ఒక్క మాట అంటే మనిషి దక్కేటోడు. గిది గఫ్లత్‌ల అయిన తప్పు కాదు, ఖూనీ. ఎవలు చేసిండ్రో వాన్ని ఉరి తీసినా పాపం లేదు. నా కొడుకు చేతులు ఇప్పుండ్రి."

యాదలక్ష్మి తల ఎత్తింది. జవాను ఎస్సై వైపు చూశాడు. అమరేందర్ ముఖం నేను ఎదురుచూసినట్టు మాడలేదు. అతను మెల్లగా జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"మస్తు చేసినవ్ లీలమ్మా. నా జవాన్లు ముగ్గురు రాత్రంతా కావలి ఉండి రాయిని చూడలే. ఇగ నేను చెప్త, ఇను. మీ గుడి ఉపదేశి బక్కయ్య బయాన్ గిది. మూడో మాట అయి పాట లేపినప్పుడు మగోళ్ల దిక్కు నీ కొడుకు జాగా ఖాళీ. ఆరో మాటకు వచ్చి కూసున్నడు. కాళ్లు కడుక్కొని వచ్చిండట, చాప తడిసింది."

"కడుపు నొప్పి ఉండొచ్చు. బయటికి పోయి ఉండొచ్చు."

"నేను గట్లనే అనుకున్న. పలచగ కలిపిండు, మనసు ఆగక చూసిపోదామని వచ్చిండు అనుకున్న. తప్పు మీద కేసు రాసిన. ఏడాదో రెండేండ్లో పడి వచ్చేటోడు." కాగితం మోకాలి మీద పరిచి పెన్సిలు తీశాడు. "మట్టి మంచిగనే ఉండె అని, నీళ్లు కావాలనే ఇడిసిండ్రని, ఇడిసినోడు చూసుకుంట నిలబడ్డడని నువ్వు రుజువు చేసినవ్. ఖూనీ అన్నది నువ్వు. నేను కాదు."

"మీరు నా మీద పగతోని..."

"నీ మీద పగ ఉంటే నువ్వు ఎనిమిదిన్నరకు వచ్చినప్పుడే ఎల్లగొట్టేటోన్ని."

ఇది అబద్ధం, ఉపదేశి ముసలివాడు, కళ్లు కనపడవు. ఇవన్నీ నోటి దాకా వచ్చాయి. నేను కొడుకు వైపు తిరిగాను.

"చెప్పు ఇస్రాయేలూ. ఎటు పోయినవ్?"

వాడు నేల చూస్తున్నాడు.

"ఎవల దగ్గరికన్న పోయినవా? ఏ తప్పు పనైనా చెయ్యి, చెప్పు. నేనేమనను. గీడికి రాలేదని ఒక్క మాట చెప్పు."

నేను వాడి అంగీ ఛాతీ దగ్గర పట్టుకుని గుంజాను. గుండీ తెగింది. "గురువారం నాడు ఐలేశంతోని దేనికి కొట్లాడినవ్? నీ నోరేమైంది? నీ కోసం ఊరందరి కాళ్ల కింద ఇసుక జల్లెడ పట్టిన. నన్ను గిట్ల నిలబెడుతవా వీళ్ల ముందర?"

యాదలక్ష్మి లేచి దగ్గరకు వచ్చి నిలబడింది. జంగమ్మ నా భుజం మీద చెయ్యి వేస్తే తోసేశాను. జవాను బేడీ తాళం చేతిలో పట్టుకుని, విప్పాలో గుంజ నుంచి మాత్రమే తీయాలో తెలియక నిలుచున్నాడు. రేకుల మీద కాకి నడిచింది. అమరేందర్ పెన్సిలు కాగితం మీద ఆనించి ఉంచాడు, రాయలేదు. దూరంగా బస్సు ఊర్లోకి వస్తున్న చప్పుడు వినపడింది.

"పదిదినాలల్ల గోడ మూస్తరని ఐలేశం చెప్పిండు" అన్నాడు ఇస్రాయేలు. గొంతు ఎండి, మాట గీరుకుపోయింది. "మన బాయి ఎండుతదని, ఒడ్డు కూలితె పని ఆగుతదని నీళ్లు ఇడిసిన. భిక్షం తాగి పండుంటడనుకున్న. ఐలేశం వచ్చిండు. గొట్టం చూసి, నన్ను తిట్టి, చెప్పులిడిసి దిగిండు."

వాడు నన్ను చూడటం లేదు. యాదలక్ష్మిని చూస్తున్నాడు.

"అవి నీళ్లయినయని నేను చెప్పలే."